ఫిల్టరు లోపల నూలు

మా ఇంటావిడకు వారానికి మూడు తడవలు డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు. తెల్లవారి ఐదున్నరకు ఇల్లు వదిలితే తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటుతుంది. మూడేళ్ళ పైన అయింది. ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చొని చూసిందీ, అడిగి తెలుసుకున్నదీ రాయమని మన పత్రికవాళ్ళు అడిగినారు. నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. పెరంబూరు మిల్లులో రింగ్ ఫ్రేము కాడ పనిచేసినా, 1996లో మిల్లు మూసినాక అంబత్తూరులో ఇంకో చోట నూలు పనే చేసినా. వైద్యం నాకు తెలీదు. అయితే డయాలసిస్‌లో అసలు పని చేసే ఫిల్టరు సంగతి మాత్రం నూలు సంగతే. అందుకని ధైర్యం చేసి రాస్తున్నాను.

ముందు మొదటి నెలలో జరిగింది చెప్తాను. ఏ ఆస్పత్రి అన్నది రాయను. ఆ రోజు కొత్త ఫిల్టరు పెట్టినారు. సూదులు వేసి, మిషను తిప్పి ఐదు నిమిషాలు కాలేదు, ఈమెకు ఒళ్ళంతా మంట ఎత్తుకుంది. దురద. గొంతు పట్టేసిందని చేత్తో చూపిస్తుంది, మాట రాలేదు. టెక్నీషియను పిల్లోడు పరిగెత్తుకొచ్చి మిషను ఆపేసి, ట్యూబులు బిగించేసినాడు. ఇంజెక్షను ఇచ్చినారు, ఆక్సిజను పెట్టినారు. అరగంటకు తేరుకుంది. ఫిల్టరులోనూ ట్యూబుల్లోనూ ఉన్న రక్తం తిరిగి ఎక్కించకుండా అట్టే తీసి పారేసినారు. ఈమె దానికే ఎక్కువ ఏడ్చింది. "ఒంట్లో ఉండే రవ్వంత రక్తం కూడా పారబోసినారే" అని. అలాంటప్పుడు ఆ రక్తం ఎక్కించకూడదు, ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు అన్నది నాకు తరవాత తెలిసింది.

ఇంటికొచ్చి మంచం పట్టుకొని చెప్పింది: "ఇంక నేను రాను. చస్తే ఇంట్లోనే చస్తా. ఆ ప్లాస్టిక్కు గొట్టంలో ఏం విషం పెట్టినారో."

రెండు తడవలు పోలేదు. నేనూ గట్టిగా చెప్పలేకపోయినా, ఆ గొట్టంలో ఏముందో నాకు మాత్రం తెలుసా? మూడో రోజు రాత్రి పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరి ఆడదు, లేచి కూర్చోవాలి. రాత్రి రెండు గంటలకు ఆటోలో తీసుకుపోతే, ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరినాయన్నారు. ఆ రాత్రే డయాలసిస్ పెట్టి దక్కించినారు.

ఆ టెక్నీషియను మన పేట పిల్లోడే. వాళ్ళ తాత నాతోబాటు మిల్లులో పనిచేసినాయన. నేను వాణ్ణి పట్టుకున్నా. "ఒరే, ఆ గొట్టంలో ఏముందో నాకు చూపించు. తెలుసుకుంటే గానీ ఈమెకు చెప్పలేను" అన్నా. వాడు డేటు దాటిపోయి, ఎవరికీ వాడకుండా పక్కన పెట్టిన ఫిల్టరు ఒకటి తెచ్చి, మూత కోసి చూపించినాడు.

లోపలినుంచి తెల్లటి కుచ్చు బయటికొచ్చింది. నేను అలవాటు కొద్దీ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసినా. మెత్తగా, జారుడుగా, పురి లేని పోగులు. వెంట్రుకలు మూడు చేర్చినంత లావు.

"ఇది నూలు కదరా" అన్నా.

"నూలే మామా. కాకపోతే ప్రతి పోగూ లోపల బోలు. ఆ బోలులో రక్తం పోతుంది" అన్నాడు.

ఒక ఫిల్టరులో ఇట్లాంటి పోగులు పదివేలు దాకా ఉంటాయి. ఒక్కొక్కటి జానెడు పైచిలుకు పొడవు. అన్నీ ఒకదాని కొసన ఒకటి చేరిస్తే రెండున్నర కిలోమీటర్లు. ఒక్కో పోగు లోపలి బోలు మిల్లీమీటరులో ఐదో వంతు. అన్ని పోగుల గోడలూ చీల్చి పరిస్తే ఒకటిన్నర చదరపు మీటరు, చిన్నపిల్లలకు కప్పే దుప్పటి అంత. ఆ దుప్పటంతటి మీదా ఒక్కో క్షణంలో ఉండే రక్తం చిన్న టీ గ్లాసుడు. పోగు లోపల రక్తం ఒక దిక్కుకు పోతుంటే, పోగు బయట శుద్ధి చేసిన మందు నీళ్ళు ఎదురు దిక్కుకు పోతుంటాయి. నాలుగు గంటల్లో పోయే నీళ్ళు నూటఇరవై లీటర్లు.

చెడు నీళ్ళలోకి ఎట్లా పోతుందంటే, అద్దకం షెడ్డులో పనిచేసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. రంగు పట్టిన నూలు చిలపను మంచి నీళ్ళ తొట్టిలో వేస్తే, ఎక్కువైన రంగు తనంతట తానే నీళ్ళలోకి దిగుతుంది. యూరియా, క్రియాటినిన్, పొటాషియం కూడా అట్లానే ఎక్కువున్న వైపునుంచి తక్కువున్న వైపుకు పోగు గోడలోని కన్నాల గుండా దిగుతాయి. ఒంట్లో చేరిన అదనపు నీళ్ళను మాత్రం మిషను ఒత్తిడి పెట్టి లాగుతుంది. ఆ కన్నాలు ఎంత పెద్దవి, గోడ ఎంత మందం, గోడ ఏ సరుకుతో చేసింది, ఈ మూడింటి మీదే అంతా ఉంది.

కన్నాల సంగతి చూద్దాం. నర్సింగు చదివే మా మనవరాలు తన పుస్తకంలోంచి లెక్క చదివి చెప్పింది. యూరియా రేణువు బరువు 60 అనుకుంటే క్రియాటినిన్ 113. ఇవి చిన్నవి, ఏ ఫిల్టరులోనుంచైనా పోతాయి. బీటా-టూ మైక్రోగ్లోబులిన్ అని ఒకటుంది, దాని బరువు 11,800. చిన్న కన్నాల ఫిల్టరులో అది పోదు. ఏళ్ళ తరబడి ఒంట్లో పేరుకొని కీళ్ళలో, మణికట్టులో దిగి చేతులు తిమ్మిర్లు, నొప్పులు తెస్తుంది. దాన్ని తీయడానికే పెద్ద కన్నాల ఫిల్టరు వచ్చింది. దాన్ని హై ఫ్లక్స్ అంటారు. అట్లాగని కన్నం ఇంకా పెద్దది చేస్తే అల్బుమిన్ పోతుంది. దాని బరువు 66,000. అది మనం తిన్న గుడ్డూ పప్పూ ఒంట్లో కట్టుకున్న బలం, దాన్ని పోగొట్టుకోకూడదు. 11,800ని వదిలి 66,000ని ఆపే జల్లెడ నేయడమంటే మాటలు కాదు. మనం కౌంటులో ఒక పాయింటు తేడా వస్తేనే సూపర్‌వైజరుతో చీవాట్లు తిన్నవాళ్ళం.

సరుకు సంగతికొస్తే, నాకు నిద్ర పట్టనియ్యనంత ఆశ్చర్యం ఇక్కడే ఉంది. డయాలసిస్ పుట్టింది దూదిలో.

1861లో గ్రాహం అనే స్కాట్లండు ఆయన పార్చ్‌మెంటు కాగితం గుండా చక్కెర దిగుతుందనీ, జిగురు దిగదనీ చూసి, దానికి డయాలసిస్ అని పేరు పెట్టినాడు. 1913లో అమెరికాలో ఏబెల్ అనే ఆయన బృందం కొలోడియన్ గొట్టాలతో కుక్కల రక్తం శుద్ధి చేసింది. కొలోడియన్ అంటే యాసిడ్డులో మార్చిన దూదిని కరిగించి చేసిన పొర. రక్తం గడ్డకట్టకుండా అప్పుడు జలగలనుంచి తీసిన మందు వాడినారు. 1924లో జర్మనీలో హాస్ అనే డాక్టరు మొదటిసారి మనిషికి చేసినాడు, అదీ కొలోడియన్‌తోనే. ఆ తరవాత 1943. హాలండు దేశం హిట్లరు సైన్యం చేతిలో ఉంది. కాంపెన్ అనే చిన్న ఊళ్ళో కోల్ఫ్ అనే డాక్టరు సాసేజీ మాంసం కూరే సెలోఫేను గొట్టాన్ని పెద్ద డ్రమ్ముకు చుట్టి, సగం డ్రమ్ము ఉప్పునీళ్ళలో మునిగేటట్టు తిప్పినాడు. వార్పింగు బీము మీద పోగు చుట్టినట్టే అనుకోండి. మొదట పెట్టినవాళ్ళలో దాదాపు ఎవరూ దక్కలేదు. 1945లో 67 ఏళ్ళ ఆడమనిషి దక్కింది. సెలోఫేను కూడా విస్కోసే, రేయాన్ నూలుకు అన్నదమ్ముడు.

ఇంకా ఉంది. 1960లనుంచి చాలా ఏళ్ళు లోకమంతా వాడిన పొర పేరు కుప్రోఫేన్. దూది గింజకు బట్టలా అంటుకొని ఉండే పొట్టి నూగు ఉంటుంది చూడండి, వడకడానికి పనికిరాదని వదిలేసే లింటర్లు, వాటిని రాగి, అమ్మోనియా కలిపిన నీలం ద్రావకంలో కరిగించి తీసేది. అదే ద్రావకంలోంచి సన్న పోగుగా లాగితే బెంబర్గ్ నూలు. మన ఆడవాళ్ళ చీరలకూ దుపట్టాలకూ వచ్చే బెంబర్గే. జపానులో ఆ బెంబర్గ్ తీసే అసాహి కంపెనీయే డయాలసిస్ పోగులూ తీసింది. అక్కడే తోరే కంపెనీ, దాని పాత పేరు తోయో రేయాన్, 1977లో ఇంకో రకం పోగు తెచ్చింది. పొరను బోలు పోగుగా మార్చి డబ్బాలో పెట్టొచ్చునని అమెరికాలో 1960లలో తేలింది. నూలు కంపెనీలు లేకపోతే కిడ్నీ రోగులకు ఈ ఫిల్టరు లేదు, ఇది నేను కాలరు ఎగరేసుకొని చెప్పే మాట. పిల్లోడు నవ్వుతాడు.

అయితే దూదికి ఒక లోపం కనబడింది. 1968లో డాక్టర్లు చూసినారు, డయాలసిస్ మొదలైన పావుగంటలో రక్తంలో తెల్లకణాలు సగానికి పైగా మాయమైపోతున్నాయి. గంట దాటితే మళ్ళీ వస్తున్నాయి. ఎక్కడికి పోయినాయి? 1977లో తేలింది, అవి ఊపిరితిత్తుల్లో పోయి ఇరుక్కుంటున్నాయి. కారణం దూది ఒంటి మీద ఉండే హైడ్రాక్సిల్ అనే కొసలు. క్రిముల ఒంటి మీద కూడా ఇట్లాంటి చక్కెర పొరే ఉంటుంది. మన రక్తంలో కాంప్లిమెంట్ అని కాపలావాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఈ పోగును చూసి "క్రిములు వచ్చినాయి" అని గేటు గంట కొట్టేస్తారు. తెల్లకణాలు తయారైపోతాయి. కొందరికి ఏమీ తెలీదు. కొందరికి ఛాతీ నొప్పి, నడుం నొప్పి, ఆయాసం. కొత్త ఫిల్టరు పెట్టిన రోజే ఎక్కువ రావడంతో దానికి "మొదటి వాడుక జబ్బు" అని పేరు కూడా పెట్టినారు. రక్తానికి పొర సరిపడడం అంటే ఇదే. గుడ్డ ఒంటికి గుచ్చుకోకుండా ఉండాలని మనం చూడమా, అట్లా.

అప్పుడు రెండు దారులు పట్టినారు. దూది ఒంటి మీది కొసలను కప్పెయ్యడం ఒకటి. అట్లా వచ్చినవే సెల్యులోజ్ అసిటేట్, ట్రయాసిటేట్. దూదిని వదిలేసి కల్తీ లేని సింథటిక్కు పోవడం రెండోది. ఫ్రాన్సులో 1969లో పాలియాక్రిలోనైట్రైల్ పోగు తీసినారు. అక్రిలిక్ స్వెటరు నూలు జాతిదే. 1983లో జర్మనీనుంచి పాలీసల్ఫోన్ వచ్చింది. ఇప్పుడు మన ఆస్పత్రుల్లో ఎక్కువగా కనబడేవి పాలీసల్ఫోనూ దాని చెల్లెలు పాలీఈథర్‌సల్ఫోనూ. ఈ పాలీసల్ఫోనుకు నీళ్ళంటే గిట్టదు, ఒట్టిగా రక్తంలో పెడితే అన్నీ అతుక్కుంటాయి. అందుకని పీవీపీ అనే నీటిని పీల్చే సరుకు కలుపుతారు. పడుగుకు గంజి పెట్టకుండా మగ్గమెక్కిస్తామా? అదే కథ.

సింథటిక్కు వచ్చినాక కాపలావాళ్ళ గోల బాగా తగ్గింది. అట్లాగని ఏ పోగూ అందరికీ సరిపడదు. అక్రిలిక్ జాతి పోగు ఉందే, దానితో 1990లో కొత్త గొడవ బయటపడింది. రక్తపోటుకు ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్, పేరు చివర 'ప్రిల్' అని వచ్చే మాత్రలు మింగేవాళ్ళకు ఆ పోగు పెడితే నిమిషాల్లో రక్తపోటు పడిపోయి, మొహం వాచి, ఊపిరి ఆడకపోయేది. పోగు తప్పు కాదు, మాత్ర తప్పు కాదు, రెండూ కలిసిన తప్పు. అందుకే డయాలసిస్‌కు పోయేవాళ్ళు ఇంట్లో మింగే ప్రతి మాత్రా, నాటుమందు అయినా సరే, డాక్టరుకు చూపించాలి. మనవాళ్ళు నాటుమందు దాచిపెడతారు, అది నాకు తెలుసు, నేనూ దాచినా. పాలీసల్ఫోను కూడా పడనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళకు ఏం పెడతారో తెలుసా? ట్రయాసిటేట్. తిరిగి దూది దగ్గరికే వచ్చినారు.

మరి మా ఇంటావిడకు ఏమైంది? పోగు పాలీసల్ఫోనే. డాక్టరమ్మ కాగితాలు చూసి, "నాకు పోగు మీద కాదు, గ్యాసు మీద అనుమానం" అన్నది. ఫిల్టరును క్రిములు లేకుండా చెయ్యడానికి కొన్ని కంపెనీలు ఎథిలీన్ ఆక్సైడ్ అనే గ్యాసు పెడతాయి. పోగులను పట్టి ఉంచే బంక ఆ గ్యాసును కొంచెం పీల్చుకొని ఉంటుంది. వాడేముందు ఉప్పునీళ్ళతో బాగా కడిగితే పోతుంది. కడుగుడు చాలకపోతే, ఆ గ్యాసు పడని మనిషైతే, ఐదు నిమిషాల్లోనే మంట ఎత్తుకుంటుంది. ఆవిరితో శుద్ధి చేసిన ఫిల్టరుకు మార్చినారు. ఆ తరవాత మూడేళ్ళు, ఒక్కసారి కూడా రాలేదు.

డబ్బా మీద దాన్ని ఎట్లా గుర్తుపట్టాలో పిల్లోడే నేర్పించినాడు. ఇంగ్లీషులో స్టెరైల్ అన్న మాట ఒక గడిలో ఉంటుంది. దాని పక్క గడిలో ఈ, ఓ అన్న అక్షరాలుంటే గ్యాసు. ఆర్ ఒక్కటే ఉంటే రేడియేషను. థర్మామీటరు బొమ్మ ఉంటే ఆవిరి, వేడి. ఇసుక గడియారం బొమ్మ పక్కనుండేది గడువు తేదీ. ఆ తేదీని తేలికగా తీసుకోకండి. 1996లో అమెరికాలో ఒక ఆస్పత్రిలో పదేళ్ళు పైబడిన సెల్యులోజ్ అసిటేట్ ఫిల్టర్లు పెడితే ఏడుగురికి చూపూ వినికిడీ దెబ్బతిన్నాయి. పాత నూలు పుచ్చిపోతుందని మనకు తెలీదా?

ఇంక ఖర్చు. పేటలో చాలామంది అడిగేది ఇదే. "పెద్ద కన్నాల ఫిల్టరు ఖరీదంట, నగ తాకట్టు పెట్టైనా అదే పెట్టిద్దామా?" అని. డాక్టరమ్మను అడిగి చెప్తున్నా. అమెరికాలో 1,846 మందిని పెట్టి చూసిన లెక్క 2002లో వచ్చింది. మొత్తమ్మీద పెద్ద కన్నాలవాళ్ళకూ చిన్న కన్నాలవాళ్ళకూ ప్రాణం దక్కడంలో గట్టి తేడా కనబడలేదు. 2009లో యూరపులో చూసినప్పుడు, అల్బుమిన్ తక్కువున్నవాళ్ళకూ షుగరువాళ్ళకూ పెద్ద కన్నాలు మేలు చేసినట్టు తేలింది. అంటే మనిషిని బట్టి. పైగా పెద్ద కన్నాల ఫిల్టరులో బయటి నీళ్ళు వెనక్కి రక్తంలోకి రావచ్చు, అందుకని నీళ్ళు ఇంకా శుద్ధంగా ఉండాలి. నీళ్ళ ప్లాంటు బాగాలేని చోట ఖరీదైన ఫిల్టరు పెట్టి ఏం లాభం? నా లెక్క అడిగితే, నగ తాకట్టు పెట్టొద్దు, నాలుగు గంటల్లో పావుగంట కూడా కోసుకోవద్దు. మూడున్నరకే "సూది తీసెయ్" అని పోరు పెట్టేవాళ్ళను రోజూ చూస్తున్నా.

ఒకే ఫిల్టరును కడిగి అదే మనిషికి మళ్ళీ మళ్ళీ పెట్టడం మన దేశంలో చాలా చోట్ల ఉంది. చెప్పకుండా చేసినారని కొందరు కోప్పడతారు. కడగడం తప్పు కాదు, కడిగే తీరు ముఖ్యం. కడిగినాక పోగుల్లో ఎంత నీళ్ళు పడతాయో కొలుస్తారు. మొదటి రోజు కొలతలో ఎనభై శాతానికి తగ్గితే పారెయ్యాలి, గడ్డలు కట్టి పోగులు మూసుకుపోయినాయని అర్థం. దాని మీద పేరు మీదేనా చూసుకోండి. ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరుంటే ఇంకా జాగ్రత్త, మన పేటలో లక్ష్మమ్మలు ఎంతమంది! క్రిములు చంపడానికి పెట్టిన మందు పూర్తిగా పోయిందని పరీక్ష చేసినారా అని అడగండి. తెలంగాణ ప్రభుత్వం డయాలసిస్ సెంటర్లలో ఒక్కసారి వాడి పారేసే ఫిల్టర్లే పెడుతున్నారు. అది మంచిదే. తమిళనాట ముఖ్యమంత్రి ఇన్సూరెన్సు కార్డు కింద చేయించుకునేవాళ్ళు తమ చోట ఏ పద్ధతో అడిగితే చెప్తారు.

పండక్కో పెళ్ళికో ఊరికి పోయేవాళ్ళకు ఒక మాట. నెల్లూరైనా, చిత్తూరైనా, అటు శ్రీకాకుళమైనా, అక్కడి సెంటరుకు మీ కథ తెలీదు. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలిసిందే. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచినారు కాబట్టి ఇప్పుడు అటు పోయేవాళ్ళకు కొంచెం నయం. పోయేముందు ఒక కాగితం మీద రాయించుకోండి. ఫిల్టరు పోగు ఏది, శుద్ధి ఏ పద్ధతి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎంత, నీళ్ళు తీసినాక ఉండాల్సిన బరువు ఎంత, ఏ మందు పడదు. మిషను తిప్పినాక ఒంట్లో ఏ కొంచెం తేడా అనిపించినా వెంటనే నోరు తెరిచి చెప్పాలి. మొదటి పది నిమిషాల్లో వచ్చే మంట, గొంతు పట్టెయ్యడం ఆగి చూసేవి కావు.

మా ఇంటావిడను తిరిగి తీసుకుపోవడానికి నేను వాడిన ఉపాయం చిన్నది. ఆ కోసిన ఫిల్టరులోంచి నాలుగు పోగులు కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి, ఆమె చేతిలో పెట్టినా. ఆమె కూడా పెళ్ళికి ముందు రీలింగు షెడ్డులో పనిచేసింది. వేలికి చుట్టుకొని, వెలుతురుకు పట్టుకొని చూసింది. "ఏమయ్యా, దీంట్లోనుంచా నా రక్తం పోయేది? ఇంత సన్నంగా ఎట్లా తీసినారు?" అన్నది. విషం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆమెకు ఇంగ్లీషు రాదు. మనవరాలు ఒక చీటీ మీద ఆ థర్మామీటరు బొమ్మ గీసిచ్చింది. అది చేతిసంచిలో రేషను కార్డుతోబాటు ఉంటుంది. పోయిన శుక్రవారం కొత్తగా చేరిన నర్సమ్మ వేరే డబ్బా తెచ్చింది. ఈమె చీటీ తీసి డబ్బా పక్కన పెట్టి చూసింది. "అమ్మా, దీని మీద నా బొమ్మ లేదే" అన్నది. నర్సమ్మ ఫైలు తిరగేసి, పోయి డబ్బా మార్చుకొని వచ్చింది.